తిప్పన్న, పుల్లయ్య, పిచ్చయ్య: గతించిన తోబుట్టువులకు నిలిచిన గుఱుతులు

అనంతపురమునుండి కదిరికి బోవు మార్గమున, ధర్మవరమునకు సమీపమున బత్తలపల్లె యను గ్రామము గలదు. 2022వ సంవత్సరమున జిల్లాల విభాగము జరుగువఱకు నది యనంతపురము జిల్లాలోనిది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఎఱ్ఱనేలలు, వేరుసెనగచేలు, వానకై యెదురుచూచు చెఱువులు, చిత్రావతిలో పెక్కుకాలము నీటికంటె నధికముగా గానవచ్చు నిసుక, ఇవి యా సీమ గుఱుతులు. ఆ సీమలోని వృద్ధుల పేళ్లను వరుసగా వ్రాసికొనినచో తిప్పన్న, తిప్పమ్మ, పుల్లన్న, పుల్లమ్మ, పిచ్చన్న, పిచ్చమ్మ యనునవి పలుమాఱు దగులును. ఇట్టి పేళ్లు తెలుగుదేశమున నెల్లెడల నున్నవి. వీనిని విన్న విద్యార్థులు నవ్వుదురు. విద్యావంతులు మోటుపేళ్లని తలంతురు. పిల్లలను బడిలో జేర్చునప్పుడు ఉపాధ్యాయులు దయతోనే వీనిని మార్చి "మంచి పేరు" వ్రాయుచు వచ్చిరి. వీనిలో బెక్కు పేళ్లు, పుట్టి పెరుగకయే గతించిన యొక యన్నకో యక్కకో నిలిచిన గుఱుతులనియు, పెక్కుచోట్ల నా శిశువునకు వేఱు గుఱుతు లేదనియు జూపుట యీ వ్యాసమున కుద్దేశము.

ఆచార మెట్టిదో ముందుగా జెప్పవలెను. ఒక యిల్లాలికి బుట్టిన బిడ్డలు ఒకరి వెనుక నొకరు దక్కకపోయినప్పుడు, తరువాత గలిగిన బిడ్డను ఇంటివారు తమ బిడ్డయని పైకి జెప్పికొనరు. పురిటిదినములలో నా శిశువును జేటలో నుంచి, యింటి వెలుపలి యెరువుకుప్పపై నొక క్షణము పరుండబెట్టుదురు. పొరుగింటి ముత్తైదువ యచ్చటికి వచ్చి, తనకొక బిడ్డ దొరకినదని యెత్తికొని తెచ్చి, చేరెడు తవుడో నూకలో పుచ్చుకొని యా బిడ్డను దల్లికే "అమ్మును." కొన్నియెడల నెరువుకుప్పకు మాఱుగా, భోజనానంతరము దీసి పాఱవేసిన విస్తరాకులపై బొరలింతురు. కొన్నియెడల బిడ్డను బిచ్చముగా దెచ్చుకొన్నట్లు నటింతురు. మగబిడ్డకు ముక్కు కుట్టించుటయు గలదు. ఈ తంతు జరిగిన పిమ్మట, బిడ్డ యెచ్చట "దొరకెనో", దేనికి "కొనబడెనో" దానిని బట్టియే పేరు పెట్టుదురు.

ఇక నీ పేళ్ల వ్యుత్పత్తిని విచారింతము. తిప్ప యనగా దిబ్బ, ప్రోగు. బత్తలపల్లె ప్రాంతమున నీ పదము పేడయు గసవును బూడిదయు బోసిన యెరువుకుప్పకు వ్యవహరింపబడును. కన్నడమునందలి "తిప్పె" యను పదమును నిదియే. తిప్పపై నుంచి యెత్తికొన్న బిడ్డ తిప్పన్న, తిప్పయ్య, ఆడుబిడ్డయైనచో దిప్పమ్మ. పుల్లాకు అనగా నెంగిలి విస్తరి. దానిపై బొరలింపబడినవాడు పుల్లయ్య, పొరలింపబడినది పుల్లమ్మ. తెలంగాణమున దఱచుగా వినబడు పెంటయ్య, పెంటమ్మ యను పేళ్లును, తెలుగు తమిళ దేశములు రెంటను గల కుప్పయ్య, కుప్పమ్మ, కుప్పుస్వామి యను పేళ్లును నీ జాతిలోనివే. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల తవిటయ్య, తవిటమ్మలు తవుడునకు గొనబడినవారు. పిచ్చయ్య యను పేరునకు బిచ్చితో సంబంధము లేదు. సంస్కృతమున భిక్షా శబ్దము తెలుగున బిచ్చమైనది. తమిళమున "పిచ్చై" యైనది. బిచ్చముగా దొరకినవాడు పిచ్చయ్య. తెలంగాణమునందలి బిచ్చయ్య, భిక్షమయ్య యను పేళ్లను బ్రక్కనుంచి చూచినచో నీ యర్థము తేటపడును. పిచ్చయ్యను బిచ్చివాడని యెగతాళిచేసిన బాలునికి ఈ యొక్క వ్యుత్పత్తి చెప్పినను బడిపంతులు మేలు చేసినవాడగును.

ఇచ్చట మూడు హెచ్చరికలు చేయవలసియున్నది. మొదటిది: ధ్వని యొక్కటియైనంత మాత్రమున గారణ మొక్కటి గాదు. చిత్రదుర్గమండలమున నాయకనహట్టియందలి తిప్పేరుద్రస్వామియందు భక్తిచే దిప్పేస్వామి యని పేరు పెట్టుకొన్నవా రనంతపురము సీమలో ననేకులు. పుల్ల యనగా గపిలవర్ణమనియు నర్థము గలదు. పుల్లయెద్దు అని కాపులందురు. తాతపేరు మనుమనికి బెట్టుటచేత వచ్చిన తిప్పన్నలును గలరు. అట్టియెడ శోకము తాతతరము నాటిది. రెండవది: మ్రొక్కుబడి పేళ్లను వీనితో గలుపరాదు. నార్పల మండలమునందలి గూగూడు కుళ్లాయిస్వామికి మ్రొక్కి కన్న బిడ్డ కుళ్లాయప్ప. కదిరి నరసింహునికి మ్రొక్కి కన్నవాడు కదిరప్ప. ఆ పేళ్లు దైవము ఋణమును జెప్పును. తిప్పన్న మొదలైనవి యే దైవమును జెప్పవు. ఒక లేమిని జెప్పును.

మూడవ హెచ్చరిక యందఱకంటె బండితులకు ముఖ్యము. నామకరణప్రకరణమున మనువు, నాల్గవ వర్ణమువారి పేరు జుగుప్సితముగా నుండవలెనని విధించెను. కావున నీ పేళ్లన్నియు నా విధివలన బైవారు క్రిందివారిపై మోపినవే యని కొందఱందురు. మోపిన పేళ్లును, పేరునుబట్టి మనుష్యుని హీనపఱచుటయు మనదేశమున జరుగలేదని యెవ్వరును జెప్పజాలరు. కాని యీ జాతి పేళ్లు వర్ణభేదము లేక కానవచ్చుచున్నవి. త్యాగరాజస్వామి శిష్యులలో వీణ కుప్పయ్యరు ప్రసిద్ధుడు. సంస్కృతవిద్వాంసులలో మహామహోపాధ్యాయ కుప్పుస్వామిశాస్త్రి ప్రసిద్ధుడు. వీరి పుట్టుకలయందు ఇట్టి కారణముండెనని నే ననను. పేరు మాత్రము ఒక వర్ణమునకు గట్టుబడినది కాదని చూపుటకే వీరిని బేర్కొంటిని. బిడ్డలను బోగొట్టుకొనుట యే యొక్క కులమువారి పాలిటిదియు గాదు గదా.

ఇట్టి పేరు పెట్టుటకు జెప్పబడు కారణము కీడు తొలగించుట. మన వైద్యశాస్త్రము బాలగ్రహములను జెప్పినది. సుశ్రుతసంహిత యుత్తరతంత్రమున స్కందుడు, శకుని, రేవతి, పూతన మొదలుగా దొమ్మిది గ్రహములు పేర్కొనబడినవి. కాశ్యపసంహితలో బుట్టిన శిశువులను హరించు జాతహారిణి వర్ణింపబడినది. అట్టి శక్తుల కన్ను ముద్దుబిడ్డపై బడును. పాఱవేసిన బిడ్డపై బడదు. గృహ్యసూత్రములు ఉపనయనము వఱకు దల్లిదండ్రులకే తెలిసియుండు గుహ్యనామమును విధించుటలోను ఇట్టి రక్షణభావమే గలదు. అక్కడ మంచిపేరును దాచుదురు. ఇక్కడ జెడ్డపేరును జాటుదురు. ఉపాయములు వేఱు, భయ మొక్కటి.

ఈ భయము మనకు మాత్రమే గలది కాదు. వంగదేశమున మూడుగవ్వలకు గొన్న బిడ్డ తీన్‌కడి, ఐదుగవ్వలకు గొన్న బిడ్డ పాంచ్‌కడి. మహారాష్ట్రమున దగడు, ధోండు అనగా ఱాయి; కేరబా అనగా గసవు. పంజాబు పేళ్లను గూర్చి 1883లో టెంపుల్ అను నాంగ్లేయుడు ప్రకటించిన గ్రంథమున నిట్టివి నింద్యనామములుగా వింగడింపబడినవి. తురుష్కదేశమున "దుర్సున్" అను పేరునకు "నిలుచుగాక" యని యర్థము. పశ్చిమాఫ్రికాలోని యోరుబాజాతివారిలో "కోకుమో" యనగా "ఇక మరణింపడు" అని యర్థము. ఐగుప్తదేశమున దొరకిన ప్రాచీన గ్రీకుపత్రములలో బేడకుప్పను సూచించు "కొప్రేఉస్" అను పేరు గలదు. ఎక్కడ శిశువులు దక్కుట సందేహమో యక్కడనెల్ల దల్లిదండ్రులు పేరుతో మృత్యువును మఱపింప జూచిరి.

పరిశోధకులు సామాన్యముగా నింతటితో నిలుతురు. కీడు తొలగించుట యొక్కటియే ప్రయోజనమైనచో, నాపద గడచిన పిమ్మట నీ పేరును మార్చివేయవచ్చును. గుహ్యనామము కొంతకాలమే గుహ్యము. మన తిప్పన్న మాత్రము పెండ్లియైనను దిప్పన్నయే, మనుమల నెత్తినను దిప్పన్నయే. భయము పోయిన పిమ్మటగూడ నిలుచు పేరునకు భయము గాక వేఱొక పని యుండవలెను. ఆ పని స్మరణము. మా ప్రాంతమున నా పేరు విన్న ముసలమ్మలు పలువురు నన్ను మొదట నడిగిన ప్రశ్న యిది: "నీకు ముందర ఎంతమంది పోయినారు నాయనా?" వారికి ఆ పేరు ఎరువుకుప్పను జెప్పలేదు, నాకు ముందుగల ఖాళీని జెప్పినది. పోయిన శిశువు పేరెత్తుట కీడని యనేకగృహములలో నా మాటయే రానీయరు. పేరెత్తకుండ దలచుకొనుటకు దల్లికి దొరకిన దారి, బ్రదికిన బిడ్డను బిలుచు పిలుపే.

ఇంత దూరము పోయి యీ దారి వెదకుకొననేల? శాస్త్రమును జూచినచో దెలియును. రెండేండ్లు నిండని శిశువు మరణించినచో నగ్నిసంస్కారము వలదు, ఉదకము వలదు, ఊరివెలుపల శుచియైన భూమిలో బూడ్చిపెట్టవలెనని మనుయాజ్ఞవల్క్యు లిరువురును విధించిరి. అడవిలో గట్టెను విడిచినట్లు విడిచిరమ్మని మనువు మాట. వెంటనే మఱియొక మాటయు నాతడనెను: మూడేండ్లలోపు శిశువునకు బంధువులు జలము విడువరాదు, కాని పండ్లు వచ్చినవానికి గాని, నామకరణమైనవానికి గాని విడువవచ్చును. ఈ రెండవ వాక్యము విశేషముగా గమనింపదగినది. పేరున్నచో నీటిచుక్కకు హక్కు గలదు. పేరు లేనివానికి లేదు. నామకరణము పదియవ దినముననో పండ్రెండవ దినముననో జరుగును. అంతకు ముందే పోయిన శిశువునకు మంట లేదు, నీరు లేదు, తద్దినము లేదు, తర్పణమున బిలుచుటకు బేరు లేదు. తరువాత బుట్టిన తమ్ముడు పెరిగి పెద్దవాడై తండ్రితాతలకు దర్పణము విడుచునప్పుడు, సోదరులను స్మరించు తావు వచ్చినను, ఆ యన్నను బిలుచుట కేమియు దోపదు.

పెరిగి పెద్దవారై గతించిన తోబుట్టువుల విషయ మిట్టిది కాదు. వారికి గావ్యమున దావు గలదు. మా జిల్లాలోని లేపాక్షిలో జటాయువు గూలెనని జనులు చెప్పుకొందురు. ఆ జటాయువు మరణవార్త విని, యన్న యగు సంపాతి, ఱెక్కలు కాలినవాడయ్యు వానరులచే సముద్రతీరమునకు మోయించుకొనిపోయి తమ్మునికి నీరు విడిచెను. లక్ష్మణుడు మూర్ఛిల్లినప్పటి రాముని శోకము రామాయణములన్నిటను గలదు. గంగాతీరమున గుంతి చెప్పగా గర్ణుడు తన యన్నయని యెఱిగి, పగతుడని తలచినవానికి ధర్మరాజు తిలోదకము లొసగి దుఃఖించుటను దిక్కన స్త్రీపర్వమున దెలిగించెను. మన కాలమునకు వచ్చినచో, 1895లో భీమవరమున బుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిరువురు గ్రహణీరోగముచే స్వల్పకాలములోనే యొకరి వెనుక నొకరు గతించిరి. ఆ శోకమునుండి వైద్యపరిశోధనవైపు దిరిగిన యాయన, 1945లో అమెరికాయందలి లెడర్లీ పరిశోధనాలయమున దన సహచరులతో గూడి ఫోలికామ్లమును గృత్రిమముగా దయారు చేయించెను. అది యా రోగమునకే మందయ్యెను. సోదరస్మృతి కింతకంటె ఘనమైన గుఱుతు తెలుగువారిలో మఱియొకటి నే నెఱుగను. కాని యిది యంతయు నెఱిగిన ముఖమును, పిలిచిన పేరును గలవారి మాట.

పుట్టగానే పోయిన తోబుట్టువుల కథ మన పురాణములలో లేకపోలేదు. శ్రీకృష్ణుడే యట్టివారి తమ్ముడు. దేవకి కన్న యార్గురు కొడుకులను గంసుడు చంపెను. ఎనిమిదవవాడగు కృష్ణుడు పుట్టిన రాత్రియే యిల్లు దాటింపబడి, యశోద బిడ్డయను పేరుతో గొల్లపల్లెలో బెరిగెను. బిడ్డ మనది కాదు, వేఱొకరిది యని మృత్యువునకు జూపుటయే యిదియు. బత్తలపల్లె ముత్తైదువ చేటలోని బిడ్డను దనదని యెత్తికొనుట యీ కథకు దూరమైనది కాదు. భాగవతము దశమస్కంధమున నీ కథకొక ముగింపు గలదు. ద్వారకలో దేవకి, గురుపుత్రుని మరలదెచ్చిన కృష్ణునితో, తన చనిపోయిన బిడ్డలను జూడగోరుదునని చెప్పెను. రామకృష్ణులు సుతలమునకు బోయి బలిచక్రవర్తి యొద్దనుండి యా యార్గుర దెచ్చిరి. దేవకి వారికి జన్నిచ్చెను. వారు తల్లికి మ్రొక్కి స్వర్గమునకు బోయిరి. రాజ్యము వచ్చిన పిమ్మట, మనుమలు గలిగిన పిమ్మట గూడ నా తల్లి యా యార్గుర మఱువలేదు. వారి పేళ్లను వ్యాసుడును మఱువలేదు; స్మరుడు, ఉద్గీథుడు, పరిష్వంగుడు, పతంగుడు, క్షుద్రభృత్తు, ఘృణి యని దశమస్కంధమున వారు పేర్కొనబడిరి. నవమస్కంధమున వారికే కీర్తిమంతుడు, సుషేణుడు మొదలుగా వేఱు పేళ్లు గలవు. పట్టికలు రెండు భిన్నములైనను, పేరు లేని శిశువును మాత్రము పురాణము విడువలేదు.

పోయిన బిడ్డ పేరునే వెనుక బుట్టిన బిడ్డకు బెట్టు నాచారము ఐరోపాలో గలదు. చిత్రకారుడు విన్సెంట్ వాన్‌గోహ్ 1853 మార్చి 30వ తేదీన బుట్టెను. సరిగా నొక సంవత్సరము క్రిందట నదే తేదీన మృతశిశువుగా బుట్టిన యన్నకును విన్సెంట్ అనియే పేరు. ఆ పేరు చెక్కిన సమాధి జుండెర్ట్ గ్రామమున నాతని తండ్రి మతబోధకుడుగానున్న దేవాలయము చెంతనే యుండెను. స్పెయిన్‌దేశపు చిత్రకారుడు సాల్వడోర్ డాలీయు, 1903లో మరణించిన యన్న పేరుతోనే 1904లో బుట్టినవాడు. ఆ పద్ధతిలో వెనుకవాడు ముందువాని స్థానమున గూర్చుండును. మన పద్ధతిలో అట్లు గాదు. తిప్పన్న తన యన్న గాడు, అన్నకు మాఱును గాడు. అన్న కూర్చుండవలసిన పీట ఖాళీగనే యున్నదని చూపువాడు మాత్రమే.

ఈ వ్యాసకర్త తన మాట కొంత చెప్పుకొనుటకు జదువరులు క్షమింతురుగాక. నేను బత్తలపల్లె సీమలో బుట్టినవాడను. ఇంటిలో దిప్పన్న యని పిలువబడినవాడను. నాకు ముందు ఇద్దఱు. తొలిచూలు బిడ్డ మగవాడు. పేరు పెట్టకముందే పోయెను. తరువాత నక్క. ఆమె మూడేండ్లు పెరిగి, మాటలు నేర్చి, ఒక వేసవిలో వాంతిభేదులచే రెండు దినములలో బోయెను. అప్పటికి నేను గడుపులోనుంటిని. తల్లి కడుపున దమ్ముడున్నాడని యెవ్వరో చెప్పగా, అక్క తాను దిను సంగటిలో జిన్నముద్ద తీసి గిన్నె యంచున నుంచి, అది తమ్మునికనుచుండెనట. నేనామెను జూడలేదు. ఆమెను గూర్చి నాకు దెలిసిన దంతయు నా ముద్ద యొక్కటియే. ఆ ముద్దను మించిన వాత్సల్యము నాకు దరువాత నెవ్వరివలనను గలిగినదని చెప్పజాలను.

నన్ను బడిలో జేర్చిన దినమున నొక యుపాధ్యాయుడు మా తండ్రి నడిగి, తిప్పన్నను గొట్టివేసి, దేవుని పేరొకటి వ్రాసెను. నేను సంతోషించితిని. ఆయనను నిందింపను, పిల్లలు నవ్వకుందురని చేసిన పని యది. మా తల్లి మాత్రము నన్ను బడిపేరుతో నొక్కమాఱును బిలువలేదు. ఉద్యోగము వచ్చిన పిమ్మట నింటికి వచ్చిన పెద్దమనుష్యుల యెదుట నామె తిప్పన్నా యని పిలువగా నాకు సిగ్గు కలిగి, వారు పోయిన పిమ్మట, అట్లు పిలువవలదంటిని. ఆమె కోపింపలేదు. "ఆ పేరు నీ ఒక్కనిది కాదు నాయనా, ముందు పోయినోళ్లది గూడా. నువ్వు మోస్తాండావంతే" అనెను. పదసంపదను గూర్చియు వ్యుత్పత్తులను గూర్చియు నెన్ని గ్రంథములు చూచినను, ఈ పేళ్లకు నింతకంటె సరియైన నిర్వచనము నాకు దొరకలేదు.

తిప్ప యను పదమును గూర్చి మఱియొక మాట. పట్టణవాసికి నెరువుకుప్ప యనగా నసహ్యము. వానలు కొఱవడు మెట్టసీమలో నది కాపువాని మూలధనము. ఏడాది పొడుగున నింటి పేడ, గడ్డి, బూడిద చేరిచేరి మాగును. వేసవిలో బండ్ల కెత్తి చేలకు దోలుదురు. అది పడిన నేల పంట పండును. 1876 మొదలు 1878 వఱకు నడచిన గొప్ప కఱవున నీ సీమ మనుష్యులను బశువులను బెద్దసంఖ్యలో గోలుపోయినది. పశువు పోయిన యింట తిప్ప యుండదు. తిప్ప లేని యింట పైరుండదు. కావున బిడ్డను దిప్పపై నుంచుట పాఱవేయుట మాత్రమే కాదని నా యూహ. ఎచ్చట కుళ్లినది మరల మొలకకు బలమగునో, యచ్చట నుంచుటయు నగును. ఇది యూహయే, మా ప్రాంతపు వృద్ధు లీ యర్థమును జెప్పగా నేను వినలేదు.

ఇప్పు డీ పేళ్లు తగ్గుచున్నవి. ఇందు దుఃఖింపవలసినది లేదు. ప్రభుత్వపు నమూనా లెక్కల ప్రకారము 1971లో మన దేశమున బుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది యేడాది నిండకయే మరణించిరి; 2020లో నా సంఖ్య 28. టీకాలు, శుభ్రమైన నీరు, వాంతిభేదులకు జక్కెరయు నుప్పును గలిపిన నీటిమందు, వైద్యశాలలో గాన్పు, ఇవి తిప్ప చేయలేని పనిని జేసినవి. 1969లో అనంతపురమున నారంభమైన గ్రామీణాభివృద్ధిసంస్థ బత్తలపల్లెలోనే పెద్ద వైద్యశాలను నెలకొల్పినది. మా యక్క నాటికి అట్టిదొకటి యుండినచో నాకు దిప్పన్న యను పేరు వచ్చియుండదు. ఆ నష్టమును సంతోషముతో నోర్చుకొందును. కొత్తబిడ్డలకు నిట్టి పేళ్లు పెట్టుడని నేను గోరుటలేదు. ఉన్న పేళ్లు, అవి మోయుచున్న వృత్తాంతము వ్రాయబడకముందే, మాసిపోరాదనుటయే నా మనవి.

ఏలయన, నీ పేళ్లు గలవారు చాలవఱకు వృద్ధులు. వారు బోవుటతో వారికి ముందు పోయినవారును మఱియొకమాఱు పోవుదురు. శాసనములను సేకరించితిమి, తాటాకుగ్రంథములను సేకరించితిమి, ఊరిపేళ్లను విమర్శించితిమి. ఈ పేళ్లును నట్టి సాధనములే. ఇందుకు ధనము వలదు. పల్లెబడులలోని పండితులు దలచుకొన్న జాలును. తిప్పన్న, పుల్లమ్మ, పిచ్చయ్య, పెంటమ్మ, తవిటయ్య మొదలగు పేరుగల వృద్ధుని జూచినప్పుడు వినయముతో నాలుగు ప్రశ్న లడుగవలెను: ఆ పేరు తాతదా, మ్రొక్కుబడిదా, లేక తనకు ముందు బిడ్డలు పోయినందున వచ్చినదా? బిడ్డను దేనిపై నుంచిరి, యెవ్వ రెత్తిరి, యేమి యిచ్చి కొనిరి? ముందు పోయినవా రెందఱు, యే వయస్సున, యేమి జబ్బుచే? వారి పేళ్లేమి? బడిలో నెవ్వరైన పేరు మార్చుకొనగోరినచో దప్పక మార్చవచ్చును. బిడ్డ నవ్వులపాలు గారాదు. మార్చుటకు ముందు మాత్రము పాతపేరును, దాని కారణమును నొక పుస్తకమున వ్రాసియుంచవలెను.

నాలుగవ ప్రశ్నకు బెక్కుచోట్ల నుత్తరము దొరకదు. అట్టియెడ నా గడిని ఖాళీగా విడువరాదు. "పేరు పెట్టకముందే పోయెను, ఇతని యన్న" అని వ్రాయవలెను. మా యింటి లెక్కలో మొదటి గడియందు నే నట్లే వ్రాసితిని. రెండవ గడియందు అక్క పేరు వ్రాసితిని.